సున్నాకు రాని కాటా

గుంటూరు మిర్చి యార్డులో చేతులు కడగని మనిషంటూ ఉండడు. కమీషన్ కొట్లో గుమస్తాగా చేరిన మొదటి వారంలోనే కాటా దగ్గరుండే బాబాయ్ నాకు ఆ విద్య నేర్పాడు. "ఉత్త నీళ్లతో కడిగితే మంట పోదురా, ముందు కొబ్బరినూనె రాసి బాగా రుద్దు, ఆ తర్వాత సబ్బు పెట్టు" అన్నాడు. మిరపలో మంట పుట్టించే సరుకు నూనెలో కరిగినట్టు నీళ్లలో కరగదు. తేజ రకం మిరప టిక్కీలు, అంటే బస్తాలు, విప్పిన రోజున ఆ పని చేయకుండా కంట్లో నలక తీసుకున్నవాడు జన్మలో ఇంకోసారి మరిచిపోడు. అందుకే ఓసీడీ అనే నా జబ్బు, అక్కర్లేని అనుమానంతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు, మొదలైనప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. చేతులు కడుక్కోవడం మా దగ్గర జబ్బు కాదు, కొలువులో భాగం.

పాప 2018 డిసెంబరులో పుట్టింది. ఫిబ్రవరి వచ్చేసరికి సీజన్ అందుకుంది. రోజుకు లక్ష టిక్కీలు దిగే రోజులవి. ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి, పెరట్లో కుళాయి దగ్గర నూనె, సబ్బు అయ్యాక లోపలికెళ్లి పాపను ఎత్తుకోబోతూ ఆగాను. గోళ్ల సందుల్లో ఏమన్నా మిగిలిందేమో! ఆ గోరు పిల్ల కంటికి తగిలితే? వెనక్కెళ్లి మళ్లీ కడిగాను. తప్పేముంది, ఏ తండ్రయినా చేసే పనే. ఆ వారమంతా రెండేసి సార్లు కడిగాను. ఉగాది నాటికి పన్నెండు సార్లయింది.

కడగడానికి ఒక వరస కూడా తయారైంది. ఎడమ చేతి బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలికీ నాలుగు రుద్దులు, తర్వాత అరచేయి, మణికట్టు, మోచేతి దాకా నురగ. కుళాయి మర కూడా కడగాలి, ఎందుకంటే దాన్ని తిప్పింది కడగని చేత్తోనే కదా. కట్టేసేటప్పుడు మోచేత్తో కట్టాలి. మధ్యలో ఎవరన్నా "భోంచేస్తావా?" అని పలకరిస్తే లెక్క చెడినట్టే, మళ్లీ బొటనవేలి నుంచి రావాలి. ఒక్క విడతకు ఇరవై, పాతిక నిమిషాలు పట్టేది. సబ్బు మూడో రోజుకే అరిగి చిప్ప తేలేది. పొద్దున్నే నింపిన ట్యాంకు స్నానాల వేళకు ఖాళీ అయ్యేది. మా ఆవిడ "ఏవండీ, మళ్లీ మోటారు వెయ్యమంటారా?" అని అడిగేది. ఆ అడగడంలో మొదట్లో నవ్వుండేది. తర్వాత్తర్వాత లేదు.

మా వీధిలో ఒక మామ్మగారు ఉండేవారు. మడి కట్టుకుంటే పిల్లలెవరూ దగ్గరికి పోకూడదు. ఎవరన్నా తగిలితే మళ్లీ తలస్నానం. అందరూ నన్ను ఆవిడతో పోల్చి నవ్వేవాళ్లు, "మామ్మగారి చాదస్తం వీడికి అంటుకుంది" అని. నాకప్పుడు తోచలేదు గానీ తేడా ఇక్కడే ఉంది. మామ్మగారు స్నానం చేసి బట్ట ఆరేసుకున్నాక ఆవిడ మొహంలో నిదానం కనిపించేది. పని అయింది, ఇక స్వామి దగ్గర కూర్చోవచ్చు. నేను ఎన్నిసార్లు కడిగినా అయిందన్న మాట లోపల్నుంచి వచ్చేది కాదు. చేతులు తెల్లగా పాలిపోయి, కణుపుల దగ్గర పగిలి నెత్తురు చెమర్చేది. శుభ్రంగానే ఉన్నాయని కళ్లకు తెలుస్తూనే ఉంది. కళ్లు చెప్పింది మనసుకు చేరేది కాదు.

ఇంతవరకూ చెప్పింది అందరికీ కనిపించిన భాగం. కనిపించనిది వేరే ఉంది. దాన్ని రెండేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

పాపకు మూడో నెల వెళ్లి నాలుగోది వచ్చింది. ఒక ఆదివారం మా ఆవిడ వంటింట్లో కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుగుతోంది. పాప నా ఒళ్లో ఉంది. ఉన్నట్టుండి ఒక ఆలోచన: 'ఈ పిల్లను ఆ కత్తిపీట మీదికి విసిరేస్తే?' ఎవరో చెవిలో చెప్పినట్టు కాదు. అది నా ఆలోచనే, నా లోపలి గొంతే. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. పాపను చాప మీద పడుకోబెట్టి చెప్పుల్లేకుండా వీధిలోకి నడిచాను. నేనెలాంటి మనిషిని? కన్నబిడ్డ మీద ఇలాంటి ఊహ వచ్చిందంటే నా లోపల ఏ రాక్షసుడున్నాడు? ఇవాళ ఊహ వచ్చింది, రేపు చేతులు ఊరుకుంటాయా?

ఆ రాత్రే కత్తిపీట, రెండు చాకులు, కొబ్బరి కోరు గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేశాను. పొద్దున అమ్మ ఇల్లంతా వెతికింది. అటక మీద దొరికాక, "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? వాటిని అక్కడెందుకు పెట్టావు?" అని కోప్పడింది. నేను ఎలుకల సంగతేదో చెప్పాను. డాబా మీదికి పాపను తీసుకెళ్లడం మానేశాను. తర్వాత పాపతో ఒంటరిగా ఒక గదిలో ఉండటం మానేశాను. చివరికి ఎత్తుకోవడమే మానేశాను. చేతులు బాగా లేవని, కారం ఉందని సాకు. ఆ సాకు ఎంత బాగా పనిచేసిందంటే, ఒక్కోసారి ఎత్తుకోకుండా ఉండటానికే చేతులు కడుగుతూ నిలబడేవాణ్ణి.

బయటివాళ్లకు ఇది ఎలా కనిపిస్తుందో నేను ఆలోచించలేదు. పాప అన్నప్రాసనకు వచ్చిన మా అత్తయ్య వంటింట్లో కూతురితో అంటుంటే విన్నాను: "ఆడపిల్ల పుట్టిందని మీ ఆయన మొహం చాటేస్తున్నాడమ్మా. నాకు తెలియదనుకోకు." గోడకు ఇవతల నిలబడ్డాను. లోపలికెళ్లి కాదని చెప్పాలనుకున్నాను. మరి అసలు కారణం ఏమని చెప్పను? పిల్లను చంపేస్తానేమోనని భయం అని చెప్పనా? ఆడపిల్ల ఇష్టం లేని తండ్రి అన్న పేరే నయమనిపించి, వెళ్లి కుళాయి తిప్పాను.

మన పెద్దవాళ్లు చెప్పే కథ ఒకటుంది. వైద్యుడు మందిచ్చి, "తాగేటప్పుడు కోతిని మాత్రం తలుచుకోకు" అన్నాడట. ఆ రోగికి జన్మలో కోతి తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు. నాది అదే బతుకు. ఆలోచన రాకూడదనుకునేవాణ్ణి, వచ్చేది. వస్తే దాన్ని కొట్టేయడానికి మనసులో "శివ శివ" అని నాలుగుసార్లు అనుకోవాలి. నాలుగూ ఒకే ఊపిరిలో పడకపోతే పదహారు అనుకోవాలి. పక్కనున్నవాడికి నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నట్టే ఉంటుంది, లోపల లెక్క నడుస్తూ ఉంటుంది. ఓసీడీ అంటే కడగడం, సర్దడం అనుకునేవాళ్లకు ఈ లోపలి కడుగుడు సంగతి తెలియదు.

తర్వాత కొట్లోకీ పాకింది. రైతుకు రాసిచ్చే పట్టీలో మొత్తం సరిగ్గా వేశానా? రెండుసార్లు కూడినా నమ్మకం కుదరదు. రైతు బస్సెక్కిపోయాక ఫోన్ చేసి, "ఒక్కసారి పట్టీ చదివి వినిపిస్తావా" అని అడిగేవాణ్ణి. కొట్టు తాళం పన్నెండుసార్లు లాగి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వచ్చి లాగేవాణ్ణి. దానికీ ఒక ఉపాయం కనిపెట్టాను, తాళం ఫొటో తీసుకోవడం. ఇంటికెళ్లాక చూసుకోవచ్చు కదా. అయితే ఆ ఫొటో ఇవాళ్టిదా, నిన్నటిదా? తేదీ చూడాలి. తాళం పూర్తిగా పడిందా, కొక్కెం మీద ఆనించి ఉందా? పెద్దది చేసి చూడాలి. ఒకరోజు మా ఆవిడ పాప ఫొటోల కోసం నా ఫోన్ తీసి వెతికింది. పాపవి నలభై ఉన్నాయి, తాళానివి ఆరువందల చిల్లర. ఏమీ అనకుండా ఫోన్ నా చేతిలో పెట్టింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి యార్డు మూతపడింది. అందరూ చేతులు కడగడం మొదలుపెట్టారు. టీవీలో ఇరవై సెకన్లు కడగమని చెబుతుంటే అమ్మ నవ్వి, "మా వాడే నయం, ముందే కనిపెట్టాడు" అంది. నాకైతే ఆ కొన్ని నెలలు హాయిగా గడిచాయి, సిగ్గు లేకుండా కడిగాను. తర్వాత లోకం ఆగింది, నేను ఆగలేదు.

అమ్మ తనకు తోచినవి చేసింది. దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది, కోటప్పకొండకు మొక్కుకుంది. కొండకు సంతోషంగానే వెళ్లాను. మెట్లెక్కుతుంటే పాపను కింద పడేసే ఆలోచన అక్కడా వచ్చింది. తాయెత్తు దారం తడిసి తడిసి తెగిపోయింది.

చివరికి నన్ను పట్టించింది మనసు కాదు, చర్మం. కణుపుల దగ్గర పగుళ్లు చీము పట్టాయి. 2021 జులైలో చర్మం డాక్టరు దగ్గరికెళితే మిరప పడటం లేదేమో అన్నాడు, పూత మందు రాసిచ్చాడు. రెండోసారి వెళ్లినప్పుడు, "రోజుకు ఎన్నిసార్లు కడుగుతారు?" అని మామూలుగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ, "ఎన్నిసార్లని కాదండీ, ఎన్ని గంటలని అడగండి" అంది. ఆయన పెన్ను పక్కన పెట్టాడు. ఈ చేతులకు నేను మందు వేస్తూనే ఉంటాను, మీరు కడుగుతూనే ఉంటారు, ముందు వేరే డాక్టరును చూడండని మానసిక వైద్యుడి పేరు రాసిచ్చాడు. ఆ చీటీ జేబులో నాలుగు వారాలు నలిగింది. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాడని యార్డులో తెలిస్తే షావుకారు లెక్కలు చేతికిస్తాడా?

ఆగస్టులో వెళ్లాను. చేతుల సంగతి, తాళం సంగతి చెప్పాను. అసలుది చెప్పలేదు. డాక్టరు తన దగ్గరున్న చిట్టా తీసి ఒక్కొక్కటీ అడుగుతూ పోయాడు. మురికి, క్రిములు అంటుకుంటాయన్న భయం ఉందా? స్టవ్వు, గ్యాసు, తలుపు పదే పదే చూస్తారా? వస్తువులు ఒక వరసలో లేకపోతే ఉండలేరా? చదివిందే చదువుతారా? పనికిరాని కాగితాలు కూడా పారేయలేరా? దేవుడి ముందు నిలబడితే బూతులు గుర్తొస్తాయా? నాలాంటివాళ్లు ఇన్ని రకాలున్నారా అని విస్తుపోయాను. ఇంటింటికీ జబ్బు వేషం మారుతుంది, లోపలి యంత్రం ఒకటే. ఒక అక్కర్లేని అనుమానం పుడుతుంది, దాన్ని చల్లార్చడానికి ఒక పని చేయాల్సి వస్తుంది, కాసేపు చల్లారుతుంది, ఇంకాస్త బలంగా తిరిగొస్తుంది.

తర్వాత ఆయన అదే గొంతుతో, చిట్టా మీంచి తల ఎత్తకుండా, "ఇష్టం లేకపోయినా మీ వాళ్లకు మీరే హాని చేస్తారేమోనన్న ఆలోచనలు?" అన్నాడు.

చిట్టాలో ఉంది! అచ్చు వేసిన కాగితంలో ఉంది! అంటే నాకంటే ముందు ఇంకెవరికో వచ్చి ఉండాలి. మా ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమన్నాను. కత్తిపీట దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. పోలీసులకు చెబుతారా అని కూడా అడిగాను. ఆయన నవ్వలేదు. "మీరు ఆ పని చేయాలనుకుంటున్నారా?" అన్నాడు. లేదన్నాను. "ఆ ఆలోచన వస్తే ఏం చేస్తారు?" పారిపోతానన్నాను. "ఈ జబ్బు మనిషి దేన్ని ప్రాణంగా చూసుకుంటాడో సరిగ్గా దాని మీదే పడుతుంది. దైవభక్తి ఉన్నవాడికి దేవుడి మీద, బిడ్డంటే ప్రాణమైనవాడికి బిడ్డ మీద" అన్నాడు. ఈ జబ్బులో వచ్చే ఇలాంటి ఆలోచన కోరిక కాదనీ, మనిషి స్వభావానికి ఎదురు తిరిగి వచ్చేదనీ, అందుకే అంత భయపెడుతుందనీ వివరించాడు. అప్పుడే తలుపు తీసి మా ఆవిణ్ణి పిలిచి, ఆయన ముందే చెప్పాను. తను చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అందుకా ఎత్తుకోనిది?" అని మాత్రం అంది.

ఈ జబ్బు ఎంత ముదిరిందో కొలిచే మార్కుల కాగితం ఒకటుంది. 'వై-బాక్స్' అంటారు, 1989లో అమెరికాలో తయారైంది. పది ప్రశ్నల్లో అయిదు ఆలోచనల మీద, అయిదు పనుల మీద. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. రోజులో ఎంతసేపు పోతోంది, పనికెంత అడ్డం, ఎంత బాధ, ఎంత ఎదిరిస్తున్నావు, ఎంత అదుపులో ఉంది. నాకు 29 వచ్చాయి. 24 దాటితే తీవ్రం కిందే లెక్క. చిన్నప్పుడు లెక్కల్లో కూడా ఇన్ని మార్కులు రాలేదనుకున్నాను, నవ్వు కూడా వచ్చింది. వందమందిలో ఇద్దరు ముగ్గురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందట. మా యార్డులో రోజూ తిరిగే వేలమందిలో ఎంతమందికి ఉందో లెక్కేసుకోండి.

మెదడు ముందు భాగానికీ, లోపలున్న కొన్ని భాగాలకీ మధ్య ఒక చక్రం తిరుగుతూ ఉంటుందనీ, 'పని అయింది, ఇక చాలు' అన్న సంకేతం అందులో సరిగ్గా పడటం లేదనీ డాక్టరు చెప్పాడు. నాకది మా కాటాలా తోచింది. బస్తా దించేశాక కూడా సున్నాకు రాకుండా రెండు కిలోలు చూపిస్తూ ఉండే కాటా. దాని మీద ఏమీ లేదని కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కాటా మాత్రం ఒప్పుకోదు.

మందు సెర్ట్రలిన్. 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు నెలల్లో 200 దాకా పెంచాడు. దిగులుకు వాడే మందే, ఈ జబ్బుకు మోతాదు ఎక్కువ పడుతుంది, గుణం కనబడటానికి 8 నుంచి 12 వారాలు కావాలని ముందే హెచ్చరించాడు. మొదటి పదిరోజులు వికారం, విరేచనాలు, నిద్ర చెడటం. ఇంకో సంగతి భార్యాభర్తల మధ్యది. దాని గురించి డాక్టర్లు అడిగితే తప్ప మనవాళ్లు చెప్పరు. అడగకపోయినా చెప్పండి, దానికీ మార్గాలున్నాయి. పదో వారంలో ఒకరోజు చేతులు కడిగి లోపలికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. సగం తిన్నాక తట్టింది, వేళ్లు లెక్కపెట్టలేదని.

మందు అలజడి స్థాయి తగ్గించింది. అలవాటు విరగ్గొట్టడం మాత్రం మందు పని కాదు. దానికి విజయవాడలో ఒక సైకాలజిస్టు మేడం దగ్గరికి వారానికోసారి బస్సెక్కేవాణ్ణి. చికిత్స పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటుంది, అందరూ 'ఈఆర్‌పీ' అంటారు. భయపడేదానికి ఎదురెళ్లాలి, భయం చల్లార్చే పని మాత్రం చేయకూడదు. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇంగ్లాండులో ఇద్దరు రోగుల మీద ఈ పద్ధతి చేసి రాశాడట. అంతకుముందు దీన్ని నయంకాని జబ్బుగానే చూసేవాళ్లని మేడం చెప్పింది.

నేను అనుకున్నట్టు ఆవిడ మొండిగా కడగొద్దనలేదు. "మీ కాటా బాబాయ్ ఎలా కడుగుతాడు?" అంది. నూనె, సబ్బు, ఒకసారి. "ఆయనకు మనవలున్నారా? ఎత్తుకుంటాడా?" ఎత్తుకుంటాడు. "అయితే అదే మన కొలత. ఆయన కంటే ఎక్కువ వద్దు, తక్కువ వద్దు." ఇద్దరం కూర్చుని ఒక నిచ్చెన రాశాం. భయానికి వందకు మార్కులు. అడుగున పట్టీ ఒకసారే కూడి ఇచ్చేయడం, 30. తాళం ఒకసారి లాగి ఫొటో తీయకుండా వెళ్లడం, 45. ఒకసారి కడిగి పాప చెయ్యి పట్టుకోవడం, 70. వంటింట్లో కత్తిపీట ఉండగా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, 95. అన్నిటికంటే పైన ఏం పెట్టాలని అడిగింది. నోటికొచ్చింది చెప్పాను: "ఆవకాయ కలిపి అదే చేత్తో పాపకు ముద్ద పెట్టడం." "కడిగాకే కదా?" "కడిగాకే, ఒకసారే." "వంద రాయండి" అంది.

తాళం రోజు ఎలా గడిచిందో చెబుతాను. లాగాను, ఒక్కసారి. నడిచాను. వీధి మలుపు దగ్గర గుండె గొంతులోకి వచ్చింది, అప్పుడు 80. వెనక్కి చూడకూడదు. టీ బడ్డీ దగ్గర ఆగాను, ఆగకూడదు నిజానికి, కాళ్లు కదల్లేదు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుంది. ఇంటికెళ్లి మంచం మీద కూర్చుంటే కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నట్టు కళ్లకు కడుతోంది. 75. అన్నం సయించలేదు, 60. పాప పక్కకొచ్చి నా గడియారంతో ఆడుకుంటోంది, 50. తొమ్మిదిన్నరకు చూసుకుంటే 20. కొట్టుకు ఏమైందో నాకింకా తెలియదు, అయినా 20! తాళం సరిగ్గా పడిందని తెలిశాక తగ్గడం కాదు, తెలియకుండానే తగ్గడం. రెండున్నరేళ్లలో నేను దాన్ని ఒక్కసారి కూడా అంతసేపు వదిలి చూడలేదు, ప్రతిసారీ ముందే వెళ్లి లాగేసేవాణ్ణి.

ఆలోచనల సంగతికొస్తే మేడం ఒక మాట చెప్పింది. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు మామూలు మనుషుల్ని అడిగి చూస్తే, ఎక్కువమంది తమకూ ఇలాంటి పిచ్చి ఊహలు వస్తాయన్నారట. తేడా ఊహలో లేదు, దానికిచ్చే విలువలో ఉంది. నమ్మబుద్ధి కాలేదు. ఆ ఆదివారం మా బావతో బస్సులో వెళుతూ, కనకదుర్గ వారధి మీద ఉండగా నెమ్మదిగా అడిగాను, "బావా, ఇలాంటి చోట దూకేస్తేనో అని ఎప్పుడన్నా అనిపించిందా?" ఆయన వేరుశనక్కాయ ఒలుచుకుంటూ, "ప్రతిసారీ అనిపిస్తుంది. ఫోన్ విసిరేద్దామని కూడా అనిపిస్తుంది. ఏం?" అన్నాడు. కాయ నోట్లో వేసుకున్నాడు. ఆయనకు అది అక్కడితో అయిపోయింది! ఈ కబురు మేడానికి ఆనందంగా చెబితే, "బాగుంది, కానీ రెండో బావను అడక్కండి" అంది. అడగడం కూడా ఒక కడుగుడే అని అప్పుడే బోధపడింది.

ఇది ఇంట్లోవాళ్లకు కష్టమైన భాగం. "నా చేతికి కారం లేదు కదా?" అని మా ఆవిణ్ణి రోజుకు నలభైసార్లు అడిగేవాణ్ణి, "లేదండీ" అని నలభైసార్లు చెప్పేది. పోనీలే, ఒక మాటేగా, చెబితే మనిషి నెమ్మదిస్తాడు కదా అనుకునేది. అమ్మ నాకోసం వేరే బకెట్టు, వేరే తువ్వాలు, వేరే సబ్బు పెట్టింది. ప్రేమతో చేసినవే అన్నీ, జబ్బుకు అన్నం పెట్టినవీ అవే. మేడం ఇద్దర్నీ పిలిపించి ఇకపై జవాబివ్వొద్దంది. అడిగితే "ఇది ఓసీడీ ప్రశ్నండీ, మీది కాదు" అనాలి. మొదటి వారం ఇల్లు కురుక్షేత్రం. ఒక రాత్రి గిన్నె విసిరేశాను. అమ్మ అడ్డమొచ్చి, "చెప్పేస్తే పోతుందిగా తల్లీ, వాడట్లా అల్లాడుతుంటే" అని కోడల్ని బతిమాలింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ కూడా చెప్పలేదు. నాకు నయం చేసిందెవరంటే మందు పేరు, మేడం పేరు చెబుతాను గానీ, ఆ రాత్రి తను నోరు విప్పకపోవడం దగ్గరే అసలు మలుపు ఉందనిపిస్తుంది.

డిసెంబరుకు 29 కాస్తా 18 అయింది. అక్కడ నేను వెధవ పని చేశాను. 2022 ఫిబ్రవరిలో సీజన్ ఒత్తిడి, పొద్దుటి పూట మత్తు, పైగా చుట్టాల్లో ఒకాయన "ఆ బిళ్లలు అలవాటైతే వదలవు" అన్నాడు. ఎవరికీ చెప్పకుండా మానేశాను. మూడు రోజులకు తల తిరుగుడు, నెత్తిలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. అవి తగ్గాయి, బాగానే ఉన్నాననుకున్నాను. ఏప్రిల్లో ఒకరోజు ఫోన్ తెరిస్తే తాళం ఫొటోలు పదకొండున్నాయి. డాక్టరు తిట్టలేదు. 25 మార్కులు వేసి మళ్లీ 50 నుంచి మొదలుపెట్టాడు. ఆపాలనుకుంటే తనకు చెప్పి నెలల మీద తగ్గిస్తూ ఆపాలన్నాడు. ఇప్పుడైతే 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడేవాళ్లున్నారు, టెలీ మానస్ అని 2022 అక్టోబరులో వచ్చింది. నాకప్పుడు చుట్టాలాయన సలహానే దొరికింది.

మళ్లీ నిచ్చెన కింది మెట్టు నుంచి. ఈసారి తొందరగానే ఎక్కాను, దారి తెలుసు కదా. కత్తిపీట అటక మీంచి దిగింది. మా ఆవిడ దోసకాయ తరుగుతుంటే పాపను ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆలోచన వచ్చింది. శివ శివ అనలేదు, లేవలేదు. 'రావచ్చు, కూర్చో' అన్నట్టు ఉండనిచ్చాను. పాప దోసకాయ ముక్క అడిగి చేదుగా ఉందని ఉమ్మేసింది. నలభై నిమిషాలు పట్టింది నా గుండె దారికి రావడానికి.

2023 మే నెలలో యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చారు. అమ్మ ఆవకాయకు కాయలు కొట్టించి తెచ్చింది. ఎప్పుడూ తనే కలుపుతుంది. ఆ ఏడు నేను కలుపుతానన్నాను. పెద్ద బేసిన్లో కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు. నువ్వుల నూనె పోసి ముక్కల్ని మణికట్టు దాకా చేతులు పెట్టి కలిపాను. గోళ్ల సందులు ఎర్రగా నిండిపోయాయి. జాడీకి ఎత్తాక పెరట్లోకి వెళ్లాను. నూనె, సబ్బు, ఒకసారి. కుళాయిని మామూలుగా చేత్తోనే కట్టేశాను. మర మీద చెయ్యి ఒక క్షణం ఎక్కువే ఆగింది.

బేసిన్ అడుగున మిగిలిన గుజ్జులో వేడి అన్నం, నెయ్యి, కాస్త ముద్దపప్పు వేసి కలిపాం. పిల్లలంతా చుట్టూ చేరారు. పాపకు చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టాను. రెండు నమిలి ఆగింది. మొహం ఎర్రబడింది, కళ్ల నిండా నీళ్లు. "నాన్నా, కారం!" అంటూ రెండు పిడికిళ్లతో కళ్లు నలుపుకుంది. నాలుగేళ్లుగా నేను దేనికైతే భయపడ్డానో అది నా ఎదురుగా, నా చేతి మీదుగానే జరుగుతోంది. లేచి పరిగెత్తి చేతులు కడగాలని అరికాళ్ల దాకా లాగింది. కూర్చునే ఉన్నాను. మా ఆవిడ మజ్జిగ గ్లాసు అందించింది. గుటకేసి, ముక్కు ఎగబీల్చి, పాప మళ్లీ నోరు తెరిచింది. ఈసారి నెయ్యి ఎక్కువ వేసి పెట్టాను.

అమ్మ ఒక ముక్క కొరికి చూసి, "ఉప్పు చాల్లేదురా. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు నువ్వే చూసుకో" అంది.